కాళ్లు మిషన్‌వి, నియ్యత్ మనిషిది



ఈమధ్య ముగ్గురు ఫోన్ చేసి ఒకే సవాల్ అడిగారు. ఒకరిది శ్రీకాకుళం, ఒకరిది గుంటూరు, ఇంకొకరు మా విశాఖ కోటవీధి వాళ్లే. "మావాడికి తలకి పెద్ద దెబ్బ తగిలింది. రోబోతో నడిపిస్తారట కదా, మీ తమ్ముడికి చేయించారంట. మేమూ చేయించొచ్చా? పైసలు బర్బాద్ అవుతాయా?" ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదిది. అందుకే ఇక్కడ మొత్తం రాస్తున్నా. నేను డాక్టర్ని కాను, స్కూల్లో సైన్స్ చెప్పుకునే టీచర్ని. మా ఇంట్లో జరిగిందీ, దాని గురించి నేను చదివి తెలుసుకున్నదీ, రెండూ చెప్తాను.

ముందు ఒక రోజు సంగతి. ఆ రోజు మా అబ్బా రీహాబ్ సెంటర్‌లో అద్దం తలుపు బయట నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఖుషీతో. లోపల మా తమ్ముడు నడుస్తున్నాడు. ఐదు నెలలుగా మంచం మీద ఉన్న పిల్లాడు, నడుముకీ తొడలకీ పట్టీలు బిగించుకుని, పైనుంచి తాళ్లకు వేలాడుతూ, మిషన్ కాళ్లతో టక్ టక్ మని కదమ్ మీద కదమ్ వేస్తున్నాడు. అబ్బా ఫోన్ తీసి వీడియో పట్టి అమ్మీకి పంపించాడు. అరగంటలో ఆ వీడియో రిష్తేదార్లందరికీ చేరింది. హైదరాబాద్ నుంచి ఖాలా, విజయనగరం నుంచి మామూ, అందరూ "ముబారక్" అని మెసేజ్‌లు.

అప్పుడు ఫిజియో మేడమ్ మమ్మల్ని లోపలికి పిలిచింది. "చూడండి సార్" అని స్క్రీన్ మీద ఒక అంకె తగ్గించింది. తమ్ముడి కుడికాలు నెమ్మదించింది. ఇంకా తగ్గించింది. కాలు ఊగింది, తడబడింది, ఆగిపోయింది. "ఇప్పటిదాకా నడిచింది మిషన్. మీ అబ్బాయి ఇంకా నడవలేదు. వాడితో నడిపించడం మన పని" అంది.

అబ్బా మొహం వాడిపోయింది. నాకైతే ఆమె మీద గుస్సా వచ్చింది. ఒక్క పూటైనా ఖుషీగా ఉండనివ్వొచ్చు కదా అనిపించింది. కానీ ఆ రోజు ఆమె ఆ సచ్చాయి చెప్పకపోతే మేం ఇంకా ఆ వీడియో చూసుకుంటూనే ఉండేవాళ్లం.

ఇక మొదటి నుంచి చెప్తాను.

తమ్ముడు స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు కింద ఖలాసీ. బరువులకు స్లింగులు కట్టి, క్రేన్ ఆపరేటర్‌కి చేతులతో ఇషారాలు చేసి లేపించడం, దింపించడం వాడి పని. 2022 డిసెంబర్‌లో బి షిఫ్ట్ దిగి రాత్రి పది దాటాక బండి మీద ఇంటికి వస్తున్నాడు. గాజువాక దగ్గర కుక్క అడ్డం వచ్చింది. ప్లాంట్ గేటు లోపల హెల్మెట్ తీయనివాడు, బయట రోడ్డు మీద హెల్మెట్‌ని బండి అద్దానికి తగిలించుకుని వస్తున్నాడు. అది అద్దానికి అలాగే ఉంది, గీత కూడా పడలేదు. ఆ హెల్మెట్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పారెయ్యమంటే అమ్మీ ఒప్పుకోదు.

హాస్పిటల్‌లో మొదటిసారి విన్న మాట గ్లాస్గో స్కోరు. కళ్లు తెరుస్తాడా, మాట్లాడతాడా, చెప్పినట్టు కదులుతాడా అని మూడు చూసి మార్కులు వేస్తారు. అన్నీ బాగుంటే 15, అసలేమీ లేకపోతే 3. 1974లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో డాక్టర్లు తయారుచేసిన లెక్క ఇది. 8 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే దెబ్బ తీవ్రమైనదని అర్థం. తమ్ముడికి 6 వచ్చింది. లోపల వాపు పెరుగుతోందని పుర్రె ఎముక ఒక ముక్క తీసి, పాడవకుండా వాడి పొట్ట చర్మం కింద దాచారు. తర్వాత మళ్లీ తీసి తలకి పెట్టారు. "నా బేటా తల వాడి కడుపులో ఉంది" అని అమ్మీ తస్బీ తిప్పుతూ అంటుంటే నర్సులు కూడా తల తిప్పుకునేవారు.

23 రోజులు బేహోష్. తర్వాత కళ్లు తెరిచాడు కానీ మమ్మల్ని చూడలేదు. ఇంకొన్ని రోజులకు చూపు మాతో పాటు తిరిగింది. తర్వాత చెయ్యి నొక్కమంటే నొక్కాడు. ఫిబ్రవరి చివర ఇంటికి తెచ్చాం. ముక్కు గొట్టం, యూరిన్ పైపు, గొంతులో మానుతున్న రంధ్రం. కుడిచెయ్యి, కుడికాలు పట్టు లేవు. మడమ వెనక నరం బిగిసిపోయి పాదం కిందికి వంగిపోయింది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, వీపు మీద పుండ్లు పడకుండా చూడటం మా రోజైపోయింది.

మా మస్జిద్ ఇమామ్ సాబ్ వచ్చి చూసి వెళ్లారు. వదిలేసిన నమాజుల గురించి అమ్మీ ఫిక్ర్ పడుతుంటే, ఒక రోజూ ఒక రాత్రీ మించి బేహోష్‌గా ఉన్నవాడికి హనఫీ మస్లక్‌లో ఆ నమాజుల ఖజా లేదని తసల్లీ చెప్పారు. ఆ రాత్రి అమ్మీ కాస్త నిద్రపోయింది.

కానీ అసలు పరేషానీ కాళ్లు కాదు. అది మాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. తమ్ముడు ఏదీ తనంతట తాను మొదలుపెట్టేవాడు కాదు. నోట్లో ముద్ద పెడితే నమిలేవాడు, పెట్టకపోతే ఆకలని చెప్పేవాడు కాదు. ఈగ మొహం మీద వాలినా, బాగున్న ఎడమచెయ్యితో కూడా తోలుకునేవాడు కాదు. "బద్ధకం, అలవాటు పడ్డాడు, బాగా ముద్దు చేస్తున్నారు" అని చూడ్డానికొచ్చిన వాళ్లు అనేవారు. నాకూ ఒక్కోసారి అలాగే అనిపించి కసురుకున్నాను. అల్లాహ్ మాఫ్ చేయాలి. తర్వాత డాక్టర్ చెప్పారు. నుదుటి వెనకుండే దిమాగ్ భాగం ఒక పనిని తలపెట్టి మొదలుపెట్టే చోటు. అక్కడ దెబ్బ తగిలితే మనిషికి ఇష్టం ఉన్నా మొదలు రాదు. పక్షవాతంలో చాలామందికి కదలాలని ఉంటుంది, కాలు మాట వినదు. మావాడికి కాలూ వినడం లేదు, కదలాలనే తలపూ పుట్టడం లేదు. నమాజుకు ముందు నియ్యత్ చేసుకుంటాం కదా. మావాడికి దెబ్బ తగిలింది ఆ నియ్యత్ పుట్టే జాగాలోనే.

అలాంటి రోజుల్లో మా దుల్హాభాయ్ ఒక వీడియో పంపించారు. ఎవరో విదేశీ పేషెంట్‌ని రోబో నడిపిస్తోంది. ఆ మిషన్ తరహావి మన సిటీలో కూడా ఒక చోట ఉన్నాయని వెతికి తెలుసుకున్నాం. ఆ సెంటర్ పేరు రాయను. ఇది ఇష్తిహార్ కాదు. ఒక్క సిట్టింగ్ ఫీజు మా అబ్బా టైలరింగ్ దుకాణంలో మూడు రోజుల సంపాదన. అమ్మీ బీరువాలోంచి రేకు డబ్బా తీసింది. ఉమ్రా పైసలు. పదకొండేళ్లుగా ఇద్దరూ కూడబెట్టినవి. "అక్కడికి పిలుపు ఆయన ఇష్టం. ఇక్కడ బిడ్డ మన జిమ్మేదారీ" అంది. ఆ డబ్బాలో పైసలకి 24 సిట్టింగులు వస్తాయని లెక్క తేలింది.

వెళ్లేముందు నేను ఈ మిషన్ల తారీఖ్ కాస్త చదివాను. అమెరికాలో ఎంఐటీలో నెవిల్ హోగన్, హెర్మానో ఇగో క్రెబ్స్ అనేవాళ్లు 1989 నుంచి చేతికి తర్ఫీదు ఇచ్చే రోబో మీద మెహనత్ చేశారు. దాని పేరు ఎంఐటీ మానస్. మానస్ అంటే లాటిన్‌లో చెయ్యి. ఆ సంస్థ నినాదం మనసు, చెయ్యి అనే రెండు మాటలు. అందులోంచి వచ్చిన పేరది. కాళ్లకైతే స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో గెరీ కొలంబో అనే ఇంజనీర్ మొదలుపెట్టిన లోకోమాట్ మశ్‌హూర్ అయింది. కింద ట్రెడ్‌మిల్, పైన మనిషి బరువు మోసే తాళ్లు, రెండు కాళ్లకీ బయటి నుంచి తొడిగే మోటారు కాళ్లు. ఇంకా స్పృహ సరిగా లేనివాళ్ల కోసం ఎరిగో అనే మిషన్ ఉంది. మంచంలాంటి బల్లని కొంచెం కొంచెంగా నిలువుగా లేపుతూ అదే సమయంలో కాళ్లని అడుగులేసినట్టు ఆడిస్తుంది. చాలాకాలం పడుకున్న మనిషిని ఒక్కసారిగా నిలబెడితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. కాళ్లు ఆడుతుంటే రక్తం పైకి తోసుకొస్తుంది కాబట్టి మనిషి తట్టుకుంటాడు.

ఇదంతా ఎందుకంటే లెక్క కోసం. దెబ్బతిన్న దిమాగ్ కొత్త దారి వేసుకోవాలంటే ఒకే కదలిక వందలసార్లు, వేలసార్లు జరగాలి. మామూలు ఫిజియోథెరపీలో అన్నిసార్లు జరగదు. అమెరికా, కెనడాల్లో పక్షవాతం పేషెంట్లని గమనించి 2009లో వేసిన లెక్కలో, ఒక సిట్టింగ్‌లో చేతితో చేయించిన పనికొచ్చే కదలికలు సగటున 32, నడిపించిన అడుగులు 357 మాత్రమే. పట్టు లేని పెద్ద మనిషిని ఇద్దరు ముగ్గురు పట్టుకుని నడిపిస్తే వాళ్ల నడుములు పోతాయి. మిషన్‌కి అలసట లేదు. అరగంటలో వెయ్యి అడుగులు వేయిస్తుంది.

మొదటి ఆరు సిట్టింగులు తమ్ముణ్ని లేచే బల్ల మీదే ఉంచారు. మొదటి రోజు సగం లేవగానే చెమటలు పట్టి మొహం తెల్లబడింది, దింపేశారు. ఆరో రోజుకి నిలువుగా ఇరవై నిమిషాలు ఉండగలిగాడు. ముట్టుకుని చేయించేది ఆడపిల్ల కావడంతో అమ్మీకి మొదట కొంచెం తడబాటు. ఇలాజ్‌లో జరూరత్ ఉంటే పర్వాలేదని ఇమామ్ సాబ్‌ని అడిగి తెలుసుకుంది. నెల తిరిగేసరికి ఆ మేడమ్ కోసం బగారా అన్నం బాక్సులో కట్టడం మొదలుపెట్టింది.

ఏడో సిట్టింగ్‌లో తాళ్లు కట్టి నడిచే మిషన్‌లోకి ఎక్కించారు. నేను మొదట చెప్పిన వీడియో ఆ రోజుదే, అంకె తగ్గించగానే కాలు ఆగిపోయింది కూడా ఆ రోజే. ఆ అంకెని గైడెన్స్ అంటారు. నూరు శాతంలో పెడితే మోటారే కాలుని మొత్తం తిప్పుతుంది. తగ్గించేకొద్దీ మనిషి తన వంతు వేయాలి. మేడమ్ మాకు అర్థమయ్యేలా చెప్పింది. మన జిస్మ్ పొదుపరి. మిషన్ అంతా చేసేస్తుంటే దిమాగ్ తన మెహనత్ మానేసి ఊరుకుంటుంది. అందుకే అవసరమైనంత వరకే సాయం చేయాలి, మిగతాది మనిషితో చేయించాలి.

అది విని అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. ఆటోలో ఇంటికొస్తూ అన్నాడు: "నా మిషన్‌కి మోటారు పెట్టించినప్పుడు వాడికి ఏం చెప్పానో యాదుందా? మోటారు సూదిని ఆడిస్తుంది. గుడ్డని నువ్వే నడపాలి. చేతులు వదిలేస్తే కుట్టు ఎటు పోతుందో తెలీదు."

అయితే గుడ్డ నడపాలని వాడికి తోచేదెలా? మిషన్ ముందు స్క్రీన్ మీద ఆట పెట్టారు. బొమ్మ మనిషి తోటలో నడుస్తాడు, నువ్వు గట్టిగా కాలు వేస్తే వాడు జోరుగా పోతాడు. తమ్ముడు దాన్ని గోడని చూసినట్టు చూశాడు. మేడమ్ "కాలు వెయ్యి, కాలు వెయ్యి" అంటూనే ఉంది. మూడు సిట్టింగులు అలాగే గడిచాయి. నాకు లోపల లెక్క నడుస్తోంది. డబ్బాలో పైసలు తగ్గుతున్నాయి.

పదకొండో సిట్టింగ్. తాళ్లు బిగించి పైకి లాగుతుంటే పట్టీ ఎక్కడో తొడలో ఒరుసుకుంది కాబోలు, తమ్ముడు మొహం చిట్లించాడు. నోరు కదిలింది. "ఆరియా" అన్నాడు.

మేడమ్‌కి అర్థం కాలేదు. నాకూ కాలేదు. అబ్బాకి అయింది. ఖలాసీల జబాన్ అది. పాత ఓడల కాలం నుంచి వస్తున్న మాటలు. హబీస్ అంటే లేపు, ఆరియా అంటే దింపు. క్రేన్‌కి వేలాడే బరువు తనే అయ్యాడు, తనకి తానే దింపమని హుకుం ఇచ్చాడు. ఐదు నెలల్లో ఎవరూ అడక్కుండా వాడు అన్న మొదటి మాట. మేం దింపాం. పట్టీ సర్దాం. అబ్బా వాడి ఎదురుగా వెళ్లి నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి, క్రేన్ కింద నిలబడే ఖలాసీలాగా వేలు తిప్పి "హబీస్!" అన్నాడు. తమ్ముడి మోకాలు లేచింది. స్క్రీన్ మీద గీత కూడా లేచింది. మేడమ్ ఆ గీతని వేలితో చూపించి "ఇది వాడిది. మిషన్‌ది కాదు" అంది.

ఆ రోజు నుంచి ఆటని ఆపేసి అబ్బానే నిలబెట్టారు. దుకాణం మధ్యాహ్నం మూసేసి వచ్చేవాడు. "హబీస్", "ఆరియా", "ఆహిస్తా". ఇలా బయటి నుంచి వాడికి అలవాటైన పిలుపు ఇచ్చి లోపలి మొదలుని తట్టి లేపడం కూడా థెరపీయేనని మేడమ్ చెప్పింది. గైడెన్స్ నూరు నుంచి అరవైకి, అరవై నుంచి నలభైకి దిగింది.

24 సిట్టింగులు అయ్యాయి. డబ్బా ఖాళీ. తమ్ముడు రెండు కడ్డీల మధ్య ఒకరు పట్టుకుంటే పది అడుగులు వేస్తున్నాడు. ఇక్కడే ఇంట్లో పెద్ద ఝగడా. ఇంకో 24 చేయిస్తే పూర్తిగా నడుస్తాడని దుల్హాభాయ్ అన్నారు. ఫైనాన్స్‌లో అప్పు ఇప్పిస్తానన్నారు. సూద్ పైసలతో ఇలాజ్ వద్దని అబ్బా అన్నాడు. "సూద్ అని కొడుకు కాళ్లు వదిలేస్తావా?" అని ఫోన్‌లో ఫుప్పూ అంది. ఆ మాటకి అబ్బా మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నా గాజులు అమ్ముదామని నేనన్నాను. ఎవరికి వారికి వాడి మీద ముహబ్బత్ నిరూపించుకోవాలన్న తొందరే తప్ప, ఆ మిషన్ ఇంకా ఎంత ఇస్తుందని అడిగినవాళ్లు లేరు.

ఆ సవాల్ నేను అడిగాను. రెండు రాత్రులు కూర్చుని చదివాను కూడా. చదివింది ఇదీ. పక్షవాతం తర్వాత నడిపించే మిషన్ల మీద 62 పరిశోధనల్ని, 2440 మంది పేషెంట్లని కలిపి 2020లో కోక్రేన్ వాళ్లు లెక్క తీశారు. మిషన్‌నీ ఫిజియోథెరపీనీ కలిపి చేసినవాళ్లలో ఎవరి సాయం లేకుండా నడిచినవాళ్లు ఎక్కువ. ఆ ఫాయిదా ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్లకీ, అప్పటికి అసలు నడవలేనివాళ్లకీ. చేతి రోబో సంగతి వేరు. బ్రిటన్‌లో 770 మంది పక్షవాతం పేషెంట్లతో ఎంఐటీ మానస్ మీద చేసిన పెద్ద పరిశోధన 2019లో లాన్సెట్‌లో అచ్చయింది. మామూలు చికిత్స కంటే చేతి పనితనం ఎక్కువేమీ బాగుపడలేదు. ఇక మావాడిలా తలకి దెబ్బ తగిలినవాళ్ల మీద జరిగినవి చిన్న పరిశోధనలు. 2013లో అచ్చైన ఒక అమెరికా పరిశోధనలో 16 మందినే చూశారు. కొందరిని రోబోతో, కొందరిని మనుషుల చేతులతో ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. రెండు గుంపుల నడకా జోరందుకుంది. రోబోతో చేయించే వాళ్లకి శ్రమ తక్కువైంది.

ఈ కాగితాలు పట్టుకుని వెళ్లి మేడమ్‌ని సూటిగా అడిగాను: "మీ అన్న అయితే ఇంకో 24 చేయిస్తారా?" ఆమె కాసేపు ఆగి చెప్పింది: "చేయించను. వాణ్ని నిలబెట్టడానికి మిషన్ కావాల్సి వచ్చింది. ఇప్పుడు వాడు నేల మీద నడవాలి, గడప దాటాలి, పడబోయి నిలదొక్కుకోవాలి. మిషన్‌లో పడే వీలే లేదు, అందుకే అక్కడ అది నేర్చుకోలేడు. రోజూ ఇంట్లో చేయించండి, వారానికోసారి నేను చూస్తాను." సెంటర్‌లో పనిచేసే మనిషి ఆ మాట అనడానికి ఎంత దిల్ ఉండాలో అప్పుడు తెలీలేదు. ఇప్పుడు ఆమెకి రోజూ దువా చేస్తాను.

ఫైసలా అయిపోయింది. మిషన్ ఆపేశాం. ఆపేశామంటే ఇలాజ్ మానేశామని మొహల్లాలో కొందరు అనుకున్నారు. వాళ్లకి జవాబు చెప్పే తీరిక మాకు లేకపోయింది, ఎందుకంటే అసలు మెహనత్ అప్పుడే మొదలైంది.

ఇంట్లో వరండా గోడకి అబ్బా జీఐ పైపు కట్టించాడు, పట్టుకుని నడవడానికి. పాదం కిందికి వంగకుండా ప్లాస్టిక్ స్ప్లింట్ చేయించాం. దుకాణంలో మూలనపడి ఉన్న పాత కాలి మిషన్ ఇంటికొచ్చింది. దాని బెల్టు తీసేసి, తమ్ముణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు తొక్కుడు పలక మీద పెట్టించాడు అబ్బా. మడమ, మునివేళ్లు, మడమ, మునివేళ్లు. మేడమ్ వచ్చి చూసి నవ్వి సరే అంది. పాదం వణుకు అందుకుంటే ఆపి కాసేపు ఆగాలని, ఎంతసేపు చేయించాలో లెక్క చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధం గాయాలవాళ్లకి కూడా కాలితో తొక్కే మిషన్లతోనే కాళ్లకి పని నేర్పేవారట, తర్వాత చదివాను. అమ్మీ తస్బీ పట్టుకుని పక్కన కూర్చునేది. ఒక్కో అడుగుకి ఒక్కో దానా. నూరు దానాలు తిరిగితే గ్లాసు రూహ్ అఫ్జా. పొద్దున్న ఫజర్ తర్వాత మూడు తస్బీలు, అసర్ తర్వాత మూడు. వర్షం పడ్డా, కరెంటు పోయినా, మెహమాన్‌లు వచ్చినా.

వాడు వద్దన్న రోజులున్నాయి. గిన్నె విసిరేసిన రోజులున్నాయి. మొదటిసారి గిన్నె విసిరినప్పుడు మేడమ్‌కి భయంగా ఫోన్ చేస్తే ఆమె సంతోషించింది. "కోపం తనంతట తాను తెచ్చుకున్నాడంటే మొదలుపెట్టడం వస్తోంది" అంది. పిల్లాడు గిన్నె విసిరితే అల్హందులిల్లాహ్ అనుకున్న ఇల్లు మాదొక్కటేనేమో.

ఇప్పుడెలా ఉన్నాడని అడుగుతారు. దాచకుండా చెప్తాను. చేతికర్రతో, స్ప్లింట్‌తో నడుస్తాడు. కుడిచేతి వేళ్లు ఇంకా సరిగా తెరుచుకోవు. నిన్న చెప్పింది ఈరోజు మర్చిపోతాడు. ఖలాసీ పనికి మళ్లీ వెళ్లలేడు. అబ్బా దుకాణంలో కూర్చుని ఎడమచేత్తో గుండీలు రంగుల వారీగా వేరు చేస్తాడు. పిలిస్తే తప్ప లేవని రోజులు ఇంకా వస్తుంటాయి. ఆ రోజుల్లో "హబీస్" అనాల్సిందే.

ఫోన్ చేసి అడిగిన మీకు నా జవాబు ఇదీ.

రోబో ధోకా కాదు, కరామత్ కూడా కాదు. నిలబడలేని మనిషికి, తొందరగా, మామూలు ఫిజియోథెరపీతో కలిపి చేయిస్తే దాని ఫాయిదా ఎక్కువ. పైసలు కట్టేముందు నాలుగు మాటలు అడగండి. మావాడు ఇప్పుడు ఏం చేయలేడు, దీనితో ఏది వస్తుందని మీరు అనుకుంటున్నారు? సాయం ఎంత శాతంలో పెడుతున్నారు, వారం వారం ఎంత తగ్గిస్తున్నారు? ఎన్ని సిట్టింగుల తర్వాత చూసి, ఫరక్ లేకపోతే ఆపేస్తారు? ఇంట్లో మేమేం చేయాలి? ఈ నాలుగింటికీ సాఫ్‌గా జవాబు చెప్పినవాళ్ల దగ్గర చేయించండి. ఫిట్స్, మానని ఎముక విరుపు, చర్మం మీద పుండ్లు, బాగా బిగిసిపోయిన కీళ్లు ఉంటే ముందే చెప్పండి. అలాంటప్పుడు మిషన్ ఎక్కించడం ఖతరా.

మిషన్ మీ ఊళ్లో లేకపోయినా, పైసలు లేకపోయినా మాయూస్ కావొద్దు. కోట్ల రూపాయల విదేశీ మిషన్లే కాదు, మనవాళ్లు చేసినవీ వస్తున్నాయి. వేలూరు సీఎంసీ, ఐఐటీ మద్రాస్ కలిసి చేతివేళ్ల కోసం ప్లూటో అనే చిన్న రోబో చేశాయి. ఐఐటీ హైదరాబాద్‌లో మొదలైన బీఏబుల్ హెల్త్ వాళ్లది ఆర్మ్‌ఏబుల్. మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే బ్యాండికూట్ రోబో చేసిన తిరువనంతపురం జెన్‌రోబోటిక్స్ వాళ్లు నడిపించే జీ గైటర్ చేశారు. ఇవి మన గవర్నమెంట్ హాస్పిటళ్లన్నింటికీ రావాలని అడగాలి. గాజువాక రోడ్డు మీద పడేవాళ్లలో ఉమ్రా డబ్బా ఉన్నవాళ్లు ఎంతమంది?

ఇంకొకటి. రోబో కాళ్లు అరువిస్తుంది. నియ్యత్ అరువియ్యలేదు. తలకి దెబ్బ తగిలినవాడిలో అదే దెబ్బతిని ఉంటుంది. బద్ధకమని తిట్టకండి. వాడికి దెబ్బకి ముందు ఏది ఇష్టమో, ఏ పిలుపుకి లేచేవాడో మిషన్‌కి తెలీదు, డాక్టర్‌కీ తెలీదు. మీకు తెలుసు. దాన్ని వెతికి తీసుకెళ్లి థెరపీ చేసేవాళ్లకి ఇవ్వండి.

పోయిన రంజాన్ ఈద్ రోజు తమ్ముడు ఇంటి నుంచి మస్జిద్ దాకా నడిచాడు. అమ్మీ గుమ్మంలో నిలబడి తస్బీ తిప్పింది. వాడు మలుపు తిరిగేసరికి రెండు తస్బీలు అయ్యాయట, మిగతావి ఆమెకి కనబడలేదు. కుర్చీలో కూర్చుని ఈద్ నమాజ్ చదివాడు. సజ్దా ఇషారాతోనే. సలాం తిప్పాక పక్కనున్న అబ్బా లేవబోతే భుజం మీద చెయ్యి వేసి ఆపి, తనే కర్ర అందుకుని ముందు లేచి నిలబడ్డాడట. ఎవరూ పిలవలేదు. అబ్బా ఇంటికొచ్చి ఆ ఒక్క ముక్కే చెప్పి, షీర్ ఖుర్మా గిన్నె ముందు పెట్టుకుని చాలాసేపు అలా కూర్చున్నాడు.

అమ్మీ ఆ సాయంత్రం రేకు డబ్బా తుడిచి మళ్లీ బీరువాలో పెట్టింది. అందులో ఈదీగా వచ్చిన నూట యాభై రూపాయలున్నాయి.

మీ ఇంట్లో బండి నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే, ఈరోజు వాళ్లు బయల్దేరేటప్పుడు హెల్మెట్ పట్టీ మీరే పెట్టి పంపండి. మా తమ్ముణ్ని దువాల్లో యాద్ పెట్టుకోండి.

ఖుదా హాఫిజ్.